సర్కారు వకీలు ఎవరి మనిషి?

వర్జీనియాలో ఓటేసి ఎన్నుకుంటారు - మన దగ్గర ప్రభుత్వంతోబాటు మారిపోతారు

చిలకలగూడ: సికిందరాబాదు రైల్వే స్టేషనును ఆనుకుని వున్న చిలకలగూడకు ఎన్నికలు కొత్త కాదు. కార్పొరేటరుకు, శాసనసభ్యునికి, పార్లమెంటు సభ్యునికి ఓట్లు వేస్తూనే వున్నారు. 2009లో సినీతార జయసుధను శాసనసభకు పంపింది యీ సికిందరాబాదు నియోజకవర్గమే. రైలు ఉద్యోగుల కుటుంబాలు వున్న పేట కనుక యూనియను ఎన్నికల వేడి కూడా యిక్కడివారికి ఎరుకే. కాని 2025 నవంబరు మొదటి వారంలో అమెరికాలో పిల్లలున్న యిళ్ళలో వినవచ్చిన మాట మాత్రం అంతకుముందు విననిది.

‘‘గవర్నరుకు ఓటేసిండట మావోడు, మంచిదే. సర్కారు వకీలుకు గూడ ఓటేసిండట! వకీలుకు ఓటేంది సారూ?’’ అని చౌరస్తా దగ్గర రిటైరైన రైల్వే ఉద్యోగి ఒకరు అడిగారు. హైకోర్టు వాయిదా కోసం భువనగిరి వైపు నుండి పొద్దుటి రైలుకు దిగిన రైతు ఒకాయన పక్కనే టీ తాగుతున్నారు. ఆయన అందుకుని, ‘‘మా భూమి కేసుల సర్కారు వకీలు మూడుమార్లు మారిండు పెద్దాయనా. ఎవరు మార్చిన్రో, ఎందుకు మార్చిన్రో మాకు చెప్పినోడు లేడు’’ అన్నారు.

యీ రెండు మాటలూ ఒకే ప్రశ్నకు రెండు వైపులు. ప్రభుత్వం తరఫున కోర్టులో నిలబడి మాట్లాడే మనిషిని ఎవరు పెట్టాలి, ఎవరు తీసెయ్యాలి? పల్లె రైతుకు యిది దూరపు సంగతి కాదు. భూసేకరణ కానివ్వండి, చెరువు శిఖం తగాదా కానివ్వండి, ఖూనీ కేసు కానివ్వండి, ఎదురుగానో తనవైపునో ఒక సర్కారు వకీలు వుండనే వుంటాడు.

వర్జీనియాలో జరిగినది

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం దేశ రాజధాని వాషింగ్టనుకు పొరుగున వుంటుంది. ఆ రాష్ట్రపు ఉత్తర కొసన ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీలలో తెలుగువారు బాగా స్థిరపడ్డారు. అక్కడ పౌరసత్వం పుచ్చుకున్నవారికే ఓటు. వీసా మీద వున్నవారికి గాని, గ్రీన్ కార్డు వచ్చి యింకా పౌరులు కానివారికి గాని లేదు.

2025 నవంబరు 4న ఆ రాష్ట్రంలో మూడు పెద్ద పదవులకు ఎన్నిక జరిగింది. గవర్నరు, లెఫ్టినెంట్ గవర్నరు, అటార్నీ జనరల్. అక్కడి గవర్నరు మన ముఖ్యమంత్రి వంటివారు. లెఫ్టినెంట్ గవర్నరు రాష్ట్ర సెనేటుకు అధ్యక్షత వహిస్తారు. అటార్నీ జనరల్ అంటే రాష్ట్ర ప్రభుత్వపు పెద్ద వకీలు. మూడింటికీ ఓటు వేరు వేరుగా వేయాలి. ఒక పార్టీ గవర్నరును, మరో పార్టీ వకీలును ఎన్నుకున్నా అడిగేవారు లేరు.

లెఫ్టినెంట్ గవర్నరుగా నెగ్గినది 1964లో హైదరాబాదులో పుట్టి, నాలుగేండ్ల వయసులో అమెరికా వెళ్ళిన గజాలా హష్మీ. మన పత్రికలలో ఆ కబురు బాగానే వచ్చింది. అదే బ్యాలెట్ మీద వున్న మూడో పోటీ సంగతి మాత్రం యిక్కడ పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అసలు రసవత్తరమైన పోటీ అదే.

పదవిలో వున్న అటార్నీ జనరల్ జేసన్ మియారెస్ రిపబ్లికన్. 2021లో గెలిచారు. ఎదురు నిలిచిన జే జోన్స్ డెమొక్రాట్, మాజీ శాసనసభ్యుడు. పోలింగుకు నెల రోజుల ముందు, అక్టోబరులో, జోన్స్ పంపిన పాత సందేశాలు బయటపడ్డాయి. ప్రత్యర్థి పక్షపు సభాపతిని కాల్చాలన్న అర్థం వచ్చేటట్టు 2022లో ఒక శాసనసభ్యురాలికి ఫోనులో వ్రాసిన మాటలవి. ఆయన క్షమాపణ చెప్పుకున్నారు. నేరస్థులకు శిక్ష పడేటట్టు చూడవలసిన పదవికి యిటువంటి మనిషా అని ఎదుటి పక్షం ఊరూరా టాంటాం వేసింది. అయితే వర్జీనియాలో పోలింగు రోజుకు 45 రోజుల ముందునుండే ఓటు వేయవచ్చు. యీ గొడవ బయటికి వచ్చేసరికే ఎందరో ఓట్లు వేసేశారు. చివరకు జోన్సే నెగ్గారు. కాని తన పార్టీ వారే అయిన గవర్నరుకు, లెఫ్టినెంట్ గవర్నరుకు వచ్చినంత ఆధిక్యం ఆయనకు రాలేదు. ఆ ముగ్గురిలో ఆయన మీదనే కొందరు ఓటర్లు చెయ్యి వెనక్కి తీసుకున్నారన్నమాట. 2026 జనవరిలో పదవి స్వీకరించారు. కాలపరిమితి నాలుగేండ్లు.

అంతేకాదు. వర్జీనియాలో కౌంటీ స్థాయిన క్రిమినల్ కేసులు నడిపే ప్రాసిక్యూటరును సైతం అక్కడి ప్రజలే ఎన్నుకుంటారు. మన మాటలో చెప్పుకోవాలంటే జిల్లా పి.పి.కి కూడా ఓటే.

అమెరికాలో వున్న 50 రాష్ట్రాలలో 43 అటార్నీ జనరల్‌ను ప్రజల ఓటుతోనే పెట్టుకుంటాయి. న్యూజెర్సీ వంటి ఐదు రాష్ట్రాలలో గవర్నరు నియమిస్తారు. మెయిన్ రాష్ట్రంలో శాసనసభ్యులు రహస్య ఓటు వేసి ఎంచుకుంటారు. టెనెసీలో ఆ పని రాష్ట్ర సుప్రీంకోర్టుది. అక్కడ కూడా అందరిదీ ఒక దారి కాదు.

మన అడ్వొకేట్ జనరల్

మన దగ్గర అటార్నీ జనరల్ అంటే కేంద్ర ప్రభుత్వపు వకీలు. రాష్ట్రానికి వుండేది అడ్వొకేట్ జనరల్. కోర్టు గుమాస్తాలందరూ ‘ఏ.జి.’ అంటారు. రాజ్యాంగం 165వ అధికరణం ప్రకారం హైకోర్టు జడ్జి కావడానికి అర్హత వున్న వ్యక్తిని గవర్నరు యీ పదవికి నియమిస్తారు. జీతభత్యాలు గవర్నరే నిర్ణయిస్తారు. పదవీకాలమంటూ యిన్నేండ్లని లేదు. గవర్నరు ఇష్టమున్నంతకాలం. గవర్నరు ఇష్టమంటే మంత్రివర్గం ఇష్టమేనని వేరే చెప్పనక్కరలేదు. శాసనసభలో కూర్చుని మాట్లాడే హక్కు 177వ అధికరణం యిచ్చింది గాని ఓటు హక్కు యివ్వలేదు.

అసలు 1948 నాటి రాజ్యాంగ ముసాయిదాలో ఒక మాట వుండేది. రాష్ట్రంలో ప్రభుత్వాధినేత రాజీనామా చేస్తే అడ్వొకేట్ జనరల్ కూడా పదవి విడవాలని. తరువాత ఆ మాట తీసివేసి ‘గవర్నరు ఇష్టమున్నంతకాలం’ అని వ్రాశారు. కాగితం మీద తీసివేసిన ఆ మాటే ఆచారంలో మాత్రం యీనాటికీ నడుస్తున్నది. 2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారింది. అంతవరకు ఏ.జి.గా వున్న బి.ఎస్. ప్రసాద్ తప్పుకోగా ఎ. సుదర్శన్ రెడ్డి వచ్చారు. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారింది. ఎస్. శ్రీరామ్ వెళ్ళారు, దమ్మాలపాటి శ్రీనివాస్ వచ్చారు. యీ శ్రీనివాస్ 2019లో ప్రభుత్వం మారకముందు కూడా ఏ.జి.యే. మంత్రులు దిగితే వకీళ్ళూ దిగడం, ఎక్కితే ఎక్కడం అలవాటైపోయింది. పై పెద్ద ఒక్కరే కాదు, కిందనున్న గవర్నమెంటు ప్లీడర్ల జాబితా కూడా కదిలిపోతుంది. టీ కొట్టు దగ్గర రైతు అన్నమాట యిదే.

అయితే ఎప్పుడూ యిట్లాగే వుండేదా అంటే కాదు. నెల్లూరు జిల్లా పూడూరు గ్రామంలో పురోహితుని యింట పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు 1929లో మద్రాసు రాష్ట్రపు అడ్వొకేట్ జనరల్ అయ్యారు. అప్పుడు సుబ్బరాయన్ మంత్రివర్గం. తరువాత మునుస్వామినాయుడు, బొబ్బిలి రాజా గార్ల జస్టిస్ పార్టీ మంత్రివర్గాలు వచ్చాయి. 1937లో వారిని ఓడించి రాజాజీ కాంగ్రెసు మంత్రివర్గం వచ్చింది. 1939లో అదీ దిగిపోయి గవర్నరు పాలన వచ్చింది. యిన్ని మారినా అల్లాడి మాత్రం 1944 దాకా, 15 సంవత్సరాలు, ఆ కుర్చీలోనే వున్నారు. ఆయన తరువాత వచ్చినది కూడా తెలుగువారే. పి.వి. రాజమన్నారు. అనంతరం ఆయన మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ అల్లాడే మన రాజ్యాంగం ముసాయిదా సంఘంలో సభ్యులు కూడా.

తెల్లవారి కాలాన్ని పొగడడానికి యీ ముచ్చట చెప్పడం లేదు. ఆనాటి ప్రభుత్వం ప్రజలది కాదు. ఓటున్నవారే కొద్దిమంది. కాని వకీలు పార్టీ మనిషి కానక్కరలేదని, పక్షాలు మారినా పనిచేయగలడని ఆ 15 సంవత్సరాలు రుజువు చేస్తున్నవి.

మాట ఎవరిది, బాధ్యత ఎవరిది?

ఏ.జి. కోర్టులో ఒక మాట చెబితే అది ప్రభుత్వం మాట. దాని బరువు ఎంతో అమరావతి రైతులను అడిగితే చెబుతారు. రాజధాని కోసం 29 గ్రామాలవారు 33 వేల ఎకరాలకు పైగా యిచ్చారు. తరువాత వచ్చిన ప్రభుత్వం మూడు రాజధానులంటూ 2020లో చట్టం చేసింది. రైతులు హైకోర్టుకెక్కారు. విచారణ సాగుతుండగా 2021 నవంబరు 22న అప్పటి ఏ.జి. శ్రీరామ్ లేచి, ఆ చట్టాన్ని ప్రభుత్వం రద్దు చేస్తున్నదని కోర్టుకు తెలిపారు. ఏండ్లూ పూండ్లూ నడిచిన ఆందోళనలో అంత పెద్ద మలుపు ఒక వకీలు నోటినుండే వెలువడింది. ఆ మాట ఆయన సొంతం కాదు, మంత్రివర్గానిది. ఆయన దానిని మోసుకువచ్చారు, అంతే.

మరి ప్రభుత్వం ఒకటి అనుకుని, వకీలు మరొకటి చెబితే? తెలంగాణలో 2018లో యిటువంటి సందర్భం వచ్చింది. గవర్నరు ప్రసంగం నాడు సభలో జరిగిన గలాటాపై కోమటిరెడ్డి వెంకటరెడ్డి, సంపత్ కుమార్ అనే యిద్దరు కాంగ్రెసు సభ్యుల సభ్యత్వం రద్దు చేశారు. వారు హైకోర్టుకు వెళ్ళారు. సభ లోపలి వీడియో దృశ్యాలను కోర్టు ముందు పెట్టే విషయంలోనే ఏ.జి. ప్రకాశ్ రెడ్డికీ ప్రభుత్వానికీ పొత్తు కుదరలేదని ఆనాటి పత్రికలు వ్రాశాయి. మార్చి నెలలో ఆయన రాజీనామా చేశారు. ఏప్రిల్‌లో సభ్యత్వాల రద్దును హైకోర్టు కొట్టివేసింది. ప్రభుత్వంతో పేచీ వస్తే నియమితుడైన వకీలుకు మిగిలేది యింటి దారే.

ఓటుతో వచ్చిన వకీలుకు యింకో దారి వుంది. మిసిసిపీ రాష్ట్రంలో 1994లో జరిగిన సంగతి చూడండి. సిగరెట్లు తాగి జబ్బుపడ్డ బీదవారి వైద్యానికి రాష్ట్ర ఖజానా ఖర్చయిపోతున్నది, ఆ డబ్బు కంపెనీలే కట్టాలి అంటూ అటార్నీ జనరల్ మైక్ మూర్ పొగాకు కంపెనీలపై దావా వేశారు. దేశంలో అటువంటి దావా అదే మొదటిది. రాష్ట్ర గవర్నరు కర్క్ ఫోర్డైస్‌కు అది నచ్చలేదు. దావా ఆపించాలని ఆయనే కోర్టుకెక్కారు. ఫలించలేదు. తనను గవర్నరు పెట్టలేదు గనుక మూర్ వెనక్కి తగ్గనవసరం లేకపోయింది. మిగతా రాష్ట్రాల అటార్నీ జనరళ్ళు వరుసగా దావాలు వేశారు. మిసిసిపీతో సహా నాలుగు రాష్ట్రాలు విడిగా రాజీపడ్డాయి. 1998లో మిగిలిన 46 రాష్ట్రాలతో కంపెనీలు ఒప్పందం చేసుకున్నాయి. 25 సంవత్సరాలలో 206 బిలియన్, అనగా 20,600 కోట్ల డాలర్లు చెల్లించడానికి. ఒంగోలు, గుంటూరు పొగాకు రైతులు యీ లెక్క విని ఏమనుకుంటారో గాని, గవర్నరు కాదన్నా ప్రజల తరఫున దావా నడిపిన సర్కారు వకీలు కథ యిది.

ఓటుకూ మచ్చలున్నవి

అంతమాత్రాన మనం కూడా ఏ.జి.కి ఎన్నికలు పెట్టుకుందామంటే తొందరపాటే అవుతుంది. అమెరికాలో యీ పదవి పై మెట్టుకు నిచ్చెన. బిల్ క్లింటన్ 1976లో ఆర్కాన్సా అటార్నీ జనరల్‌గా గెలిచి, రెండేండ్లకు గవర్నరు, ఆ తరువాత దేశాధ్యక్షుడు అయ్యారు. కమలా హారిస్ 2010లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ పదవికి పోటీచేశారు. పోలింగు రాత్రి ప్రత్యర్థి స్టీవ్ కూలీ తానే నెగ్గానని ప్రకటించుకున్నారు. మూడు వారాలపాటు లెక్కించిన మీదట చివరకు ఆమె నెగ్గారు. ఆ తరువాత సెనేటరు, ఉపాధ్యక్షురాలు. ‘ఏ.జి.’ అంటే కాబోయే గవర్నరు అని అక్కడివారు హాస్యానికి అంటారు. పై మెట్టు మీద కన్నున్న వకీలు కేసును న్యాయం చూసి నడుపుతాడా, ఓటు చూసి నడుపుతాడా అనే అనుమానం అక్కడివారికే వుంది. యీ ఎన్నికల కోసమే రెండు పార్టీలకూ విడివిడిగా అటార్నీ జనరళ్ళ సంఘాలున్నాయి. వాటి ముఖ్యమైన పని చందాలు పోగుచేయడం. చందా యిచ్చిన కంపెనీపై రేపు దావా వేయవలసివస్తే?

మన ఎన్నికల ఖర్చు ఎరిగినవారికి యీ ప్రశ్న విడమరచి చెప్పనక్కరలేదు. సర్పంచి ఎన్నికకే పొలాలు కుదువపెడుతున్న రోజులలో వకీలుగారి ఎన్నికకు పెట్టుబడి ఎవరు పెడతారో, దానిని ఎట్లా రాబట్టుకుంటారో ఊహించవచ్చు.

కాబట్టి ఓటు పెట్టడం కంటే, నియామకం దొడ్డిదారిన జరగకుండా చూడడం ముఖ్యం. యీ మాట సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 1990లో ఒకే ఒక్క సర్క్యులరుతో రాష్ట్రంలోని జిల్లా ప్రభుత్వ వకీళ్ళనందరినీ తొలగించింది. శ్రీలేఖా విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు ఆ సర్క్యులరును కొట్టివేసింది. ఆ వకీళ్ళది ప్రజాపదవి, ఇష్టం వచ్చినట్టు పీకివేయడానికి వీల్లేదన్నది. 2016లో పంజాబు, హర్యానాల కేసులో మరల, ప్రభుత్వ న్యాయాధికారుల ఎంపిక న్యాయంగా, పద్ధతి ప్రకారం జరగాలని చెప్పింది. పై పెద్ద ఏ.జి.ని మంత్రివర్గం తన నమ్మకస్థునిగా ఎంచుకోవడంలో కొంత అర్థం వుంది. కాని జిల్లా కోర్టులో ఖూనీ కేసు నడిపే పి.పి.కి ఏ పార్టీ అయితే ఏమి? అక్కడ చూడవలసినది అనుభవం, నిజాయితీ.

మన జిల్లా కోర్టులో

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత 18వ సెక్షను ప్రకారం జిల్లా పబ్లిక్ ప్రాసిక్యూటరు పదవికి కలెక్టరు, సెషన్స్ జడ్జిని సంప్రదించి, తగినవారి పేర్లతో ఒక జాబితా తయారుచేయాలి. ఏడు సంవత్సరాలైనా ప్రాక్టీసు వుండాలి. పాత 1973 చట్టంలోనూ యిదే పద్ధతి. చట్టం యింత చక్కగా వుండగా ఎమ్మెల్యేగారి ఉత్తరం, మంత్రిగారి సిఫారసు అనే మాటలు ఎందుకు వినవస్తున్నవో బార్ అసోసియేషన్ల వరండాలలో కూర్చున్నవారికి తెలుసు. కింది మెజిస్ట్రేటు కోర్టులలోని అసిస్టెంటు ప్రాసిక్యూటర్లను మాత్రం పరీక్ష పెట్టి తీసుకుంటున్నారు. ఆ పద్ధతే కొంత నయం. కలెక్టరు పంపిన జాబితాలో ఎవరెవరున్నారో, వారిలో ఒకరిని ఎందుకు ఎంచుకున్నారో కోర్టు నోటీసు బోర్డు మీద అంటిస్తే ప్రభుత్వానికి వచ్చే నష్టం ఏమిటో బోధపడదు.

నేరానికి గురైనవారు పి.పి. మీదనే ఆధారపడి కూర్చోనక్కరలేదు. కోర్టు అనుమతితో తమ సొంత వకీలును పి.పి.కి సాయంగా పెట్టుకోవచ్చు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవల సంస్థ ద్వారా ఉచితంగా వకీలు దొరుకుతారు. ఫోను నంబరు 15100.

మరో సంగతి పల్లెలలో చాలామందికి తెలియదు. ఊరి చెరువులోకి ఫ్యాక్టరీ నీళ్ళు వదిలినా, బాటకు అడ్డంగా గోడ కట్టినా, ఊరందరికీ ఉపద్రవం కలిగించే పనులపై దావా వేసే అధికారం సివిలు ప్రొసీజరు కోడు 91వ సెక్షను ప్రకారం అడ్వొకేట్ జనరల్‌కు వుంది. మిసిసిపీ వకీలు చేసినటువంటి పనికి మన చట్టంలోనూ చోటు వుందన్నమాట. ఆ అధికారం మన ఏ.జి.లు వాడిన ముచ్చట్లు మాత్రం పల్లెల చెవిన పడడం అరుదు. పూర్వం మామూలు మనుషులు అటువంటి దావా వేయాలంటే ఏ.జి. వ్రాతపూర్వక అనుమతి కావలసి వచ్చేది. 1976 సవరణ తరువాత ఆ అవసరం లేదు. తమకు విడిగా నష్టం జరగకపోయినా సరే, ఇద్దరు కలిసి కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. ఇద్దరు చాలు.

ప్రభుత్వం మీదనే దావా వేయాలంటే 80వ సెక్షను క్రింద రెండు నెలల ముందు నోటీసు యివ్వాలి. యీ నోటీసుకు హైదరాబాదు రానక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వానికి సంబంధించినదైతే జిల్లా కలెక్టరు కార్యాలయంలో యిచ్చినా చెల్లుతుంది. రేపే యిల్లు కూలగొడతారన్నటువంటి అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే దావా వేయవచ్చు. నోటీసులో పేరు, ఊరు, తగాదా ఎందుకు వచ్చినది, కోరేది ఏమిటి అన్న నాలుగూ వుండాలి. యిచ్చినట్టు రశీదు పుచ్చుకుని జాగ్రత్త చేసుకోవాలి.